దీపాలు పెట్టేవాళ్ళు

దీపాలవేళకు ఇల్లు చీకటిగా ఉండకూడదని మా అమ్మది గట్టి పట్టు. బయట ఇంకా వెలుతురుంది కదే అంటే వినేది కాదు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ఇంట్లో లాంతర్లన్నీ వీధరుగు మీదికి చేరేవి. చిమ్నీలోకి పట్టేటంత చిన్న చెయ్యి ఇంటిల్లిపాదిలోనూ నాదొక్కదానిదే గనక, ఒక పాతగుడ్డ ముక్కా, పిడికెడు బూడిదా నా ముందు పడేసి తుడవమనేది. మసంతా నా చేతికి, తళతళంతా గాజుకి. ఆ పనంటే నాకు పరమ అసహ్యం. మా వీధికి కరెంటు వచ్చిన రోజున అందరూ బల్బు వంక నోళ్ళు తెరుచుకుని చూస్తూంటే, నేను మాత్రం రేపట్నించి చిమ్నీలు తుడవక్కర్లేదు గదా అని సంబరపడ్డాను.

అలాంటిదాన్ని, అరవై దాటిన తరవాత విమానమెక్కి వెళ్ళి, ఎక్కడో పరాయిదేశంలో వీధిదీపాలు వెలిగించే మనిషి వెనకాల సందుసందునా నడిచానంటే మీరు నవ్వుతారు. నవ్వండి. మా అమ్మాయీ నవ్వింది.

ఆ ఊరు జాగ్రెబ్. క్రొయేషియా దేశానికి రాజధాని. మన చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో యుగోస్లావియా అని చదువుకున్నామే, అందులోంచి 1991లో విడిగా వచ్చిన దేశం. జనాభా నలభై లక్షలకు లోపే. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది. అల్లుడి ఉద్యోగం ఎలాంటిదంటే, నెలలో సగం రోజులు వేరే ఊళ్ళోనే మకాం. ఆరేళ్ళ మనవడొకడు. "ఒక్కసారి వచ్చి చూసి పోవే అమ్మా" అని అది రెండేళ్ళు ఫోనులో పోరగా పోరగా, ఆమధ్య ఒక చలికాలం మొదట్లో ఆరువారాలకని వెళ్ళాను. ఊరగాయలు, కందిపొడి, వడియాలు పోగా పెట్టెలో నా చీరలకి మిగిలిన చోటు జానెడు.

వెళ్ళిన నాలుగోరోజుకే నాకు కోపం వచ్చింది. ఎందుకంటారా? ఇంతదూరం వచ్చిన తల్లి దగ్గర ఈ పిల్ల పది నిమిషాలు కూచోదే! పొద్దున నేను లేచేసరికి దాని తల తడిగా ఉంటుంది, పొయ్యిమీద ఏదో ఉడుకుతూంటుంది, పిల్లాడి డబ్బా సర్దడమూ అయిపోతుంది. ఏడున్నరకల్లా వాణ్ణి రెక్క పుచ్చుకుని ట్రాము దగ్గరకి పరుగు. సాయంత్రం మళ్ళీ పరుగు. నేనేదైనా చెబుతూంటే ఊఁ కొడుతూ బట్టలు మడతపెడుతుంది. "నామొహం చూసి ఊఁ కొట్టవే" అన్నానొకరోజు. "చూస్తూనే ఉన్నానమ్మా" అంది, మడత చూస్తూ. నేనింకేం మాట్లాడలేదు. మనకి కోపం వస్తే మాటలు మానేసి అంట్లు చప్పుడు చెయ్యడం ఉంది చూడండి, అది చేశాను.

ఆ ఇంట్లో నాతో తీరుబడిగా కూచునే మనిషి దొరికింది కింది వాటాలో. ఎనభైకి అటూ ఇటూగా ఉంటుంది ఆవిడ వయసు. మా మనవడు ఆవిణ్ణి 'బాకా' అంటాడు. వాళ్ళ భాషలో బాకా అంటే మామ్మ అట. మనకి బాకా ఊదడం వేరు గనక మొదట్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు. ఆవిడకి తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే అరచెయ్యి నిండదు. అయినా ఆవిడ కాఫీకి పిలిస్తే నేను గంట కూచునేదాన్ని. బడి వదిలాక మనవడు దుబాసీ. ఆ వెధవ తనకి తోచింది చెప్పేవాడు. ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడితే, "ఆవిడకి మోకాలు నొప్పిట అమ్మమ్మా" అని ఒక్కముక్కలో తేల్చేసేవాడు.

ఒక ఆదివారం నన్ను తన పుట్టిల్లుండే చోటు చూపిస్తానని బయల్దేరదీసింది బాకా. మా అమ్మాయి, మనవడు కూడా వచ్చారు.

జాగ్రెబ్‌లో పాత ఊరు కొండమీద ఉంది. నిజానికి రెండు కొండలు, రెండు ఊళ్ళు. ఒక కొండమీద కాప్టొల్, అది చర్చివాళ్ళది. రెండో కొండమీద గ్రాడెట్స్, అది వర్తకులదీ పనివాళ్ళదీ. మధ్యలో ఒక వాగు. వాగుకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఊరికే ఉంటారా? తరాల తరబడి కొట్టుకున్నారు. అక్కడ వంతెన ఉన్నచోట ఇప్పటికీ వీధి పేరు 'నెత్తుటి వంతెన'. వంతెనా లేదు, వాగూ పైకి కనపడదు, పేరు మాత్రం ఉంది. గ్రాడెట్స్‌నే ఇప్పుడు పైఊరు అంటారు. కిందినించి పైకి తాళ్ళమీద లాగే చిన్న రైలు పెట్టె ఒకటి 1890 నించీ ఉంది. దాని పట్టాల పొడుగు మొత్తం 66 మీటర్లు. మా వీధి చివర కొట్టుకి వెళ్ళిరావడమే అంతకన్న ఎక్కువ దూరం. పక్కనే మెట్లున్నాయని బాకా మెట్లే ఎక్కింది, మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి. నేను ఆయాసపడుతూ వెనకాల.

ఆ ఊరికి పుట్టినరోజులాంటిది ఉంది. 1241లో తాతారుల దండు హంగరీ మీద పడితే, అప్పుడు ఆ ప్రాంతాలన్నిటికీ రాజైన నాలుగో బేలా పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకున్నాడట. ఆపద గడిచాక 1242లో కృతజ్ఞతగా, మీది ఇకనుంచి స్వతంత్రమైన పట్టణం అని బంగారు ముద్ర వేసిన శాసనం ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు సుమండీ, మీ ఊరి చుట్టూ గోడలూ బురుజులూ మీరే కట్టుకోవాలి అన్నాడు. రాజులెప్పుడూ అంతే. జనం రెండు పదుల ఏళ్ళకు పైగా కష్టపడి కట్టుకున్నారు. ఆ గోడకి దక్షిణాన ఉన్న బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. దాని పేరు లోత్ర్‌ష్చాక్. నాకు నోరు తిరగక బురుజు అనే అనేదాన్ని. పూర్వం సాయంత్రం కోట తలుపులు మూసే ముందు ఇక్కడ గంట కొట్టేవారట. ఆ గంటకి లోపలికి రానివాడు తెల్లవార్లూ బయటే. ఇప్పుడు గంట లేదుగాని, 1877 జనవరి మొదటి తేదీ మొదలు రోజూ మిట్టమధ్యాహ్నం పన్నెండుకి అక్కణ్ణించి ఫిరంగి పేలుస్తారు. ఊళ్ళో చర్చిల గంటలన్నీ ఒక్క వేళకి మోగడానికి గుర్తుగా పెట్టారట. మేం సరిగ్గా దాని కిందికి వచ్చేసరికి అది 'ఢాం' అంది. నేను "రామ రామ" అని బాకా చెయ్యి పట్టేసుకున్నాను. ఆవిడ మాత్రం తాపీగా చేతి గడియారం చూసి, ముల్లు సరిచేసుకుంది.

నా మనసు పట్టేసింది మాత్రం రాతిద్వారం. పాత కోటకున్న ద్వారాల్లో మిగిలింది ఇదొక్కటే. 1731లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలామట్టుకు తగలబడిపోయింది. ఆ బూడిదలో మేరీమాత పటం మాత్రం చెక్కుచెదరకుండా దొరికిందిట. ఆ పటాన్ని ఆ ద్వారంలోనే ప్రతిష్ఠించారు. గుడి అనడానికి లేదు, అది నడిచే దారి. ద్వారం లోపల దారి మెలిక తిరుగుతుంది, ఆ మెలిక దగ్గర పటం, నాలుగు బల్లలు, కొవ్వొత్తులు. గోడనిండా చిన్నచిన్న పాలరాతి పలకలు. వాటిమీద ఎక్కువగా ఒకటే మాట, 'హ్వాలా'. థాంక్స్ అని అర్థం. ఎవరు, దేనికి, ఎప్పుడు, ఏమీ ఉండదు చాలావాటి మీద. బిడ్డకి జ్వరం తగ్గినందుకో, మొగుడు యుద్ధంనించి తిరిగొచ్చినందుకో. కూరల సంచీలు పట్టుకుని నడిచిపోయే ఆడవాళ్ళు అక్కడ ఒక్క నిమిషం ఆగి, సంచీ కింద పెట్టి, కళ్ళు మూసుకుని, మళ్ళీ సంచీ ఎత్తుకుని వెళ్ళిపోతున్నారు. మా ఊళ్ళో అమ్మవారి గుడి ముందు చెప్పులు విడవకుండా, లోపలికి పోకుండా, బయటినించే చెంపలు వేసుకుని బస్సుకి పరిగెత్తేవాళ్ళు గుర్తొచ్చారు. దేవుడికి కూడా తెలుసు కాబోలు, ఆడవాళ్ళకి తీరిక ఉండదని.

అక్కణ్ణించి బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అప్పుడు కనపడ్డాడు ఆ మనిషి. చేతిలో పొడుగాటి కర్ర. ఒక్కొక్క స్తంభం దగ్గర ఆగడం, కర్ర పైకెత్తి దీపంలో ఏదో కదపడం, గాజులోపల లేత పసుపు వెలుతురు పాకడం, అతను ముందుకు సాగడం. పైఊళ్ళో 200కు పైగా గ్యాసు దీపాలున్నాయి. 1863 నించీ అక్కడ గ్యాసు దీపాలే. ఊరు మొత్తానికి కరెంటు వచ్చినా ఈ కొండమీద మాత్రం వీటిని ఉంచుకున్నారు. వెలిగించడానికి ఇద్దరే మనుషులు. సాయంత్రం చెరో దారీ పట్టి వెలిగించుకుంటూ పోతారు, తెల్లవారుజామున మళ్ళీ వచ్చి ఆర్పేస్తారు. వాన పడినా, మంచు పడినా, పండగైనా.

నేను అతని వెనకాల నడిచాను. ఎందుకో చెప్పలేను. ఏడు దీపాలో ఎనిమిది దీపాలో నడిచాక మా అమ్మాయి వచ్చి, "అమ్మా, అతను భయపడిపోతాడే" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. దీపాల గాజులు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో తుడుస్తున్నారన్నమాట. ఆ మాటే అంటే, "నీకు దీపం కనపడదు, గాజు మీద మసి కనపడుతుంది" అని నవ్వింది.

ఆ రాత్రి బాకా మమ్మల్ని తన ఇంట్లో కూచోబెట్టి ఒక సినిమా చూపించింది. పేరుకి అర్థం చెప్పాలంటే 'పాడేవాడి మనసులో పాపముండదు' అని. 1970లో వచ్చింది. తీసినాయన క్రెషో గోలిక్. వ్యెకొస్లావ్ మాయెర్ అనే రచయిత ఒక చిన్న పిల్లాడి డైరీలాగా రాసిన కథ దానికి ఆధారం. 1999లో ఆ దేశపు సినిమా విమర్శకులు, తమ సినిమాలన్నిట్లోకీ మంచిది ఏదని అడిగితే దీనికే ఓటేశారు. నేనేదో పెద్ద యుద్ధాలూ, రాజులూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఒక సంసారం కథ.

కథ 1935లో నడుస్తుంది, మేం పొద్దున తిరిగొచ్చిన ఆ పైఊళ్ళోనే. ఫ్రాన్యో అని ఒక గృహస్థు. పాటంటే ప్రాణం, ద్రాక్షసారా అంటే అంతకన్న ప్రాణం. భార్య ఆనా, అందగత్తె. ఆ వేషం వేసినావిడ, మిర్యానా బోహానెత్స్, నిజంగానే సంగీత నాటకాల్లో పాడే గాయని. పెరిత్సా అని కొడుకు, వాడి మాటల్లోనే మనకి కథంతా వినపడుతుంది. పెళ్ళికాని మినా అత్తయ్య ఒకావిడ. ఇరుగింటివాళ్ళ చెవులు ఎప్పుడూ వీళ్ళ గుమ్మంమీదే. ఒక ఆదివారం అందరూ ఊరవతలకి షికారు వెళతారు. అక్కడ తగులుతాడు ఫూలీరుగారు. జుట్టు నున్నగా దువ్వుకుని, ఆడవాళ్ళ చేతులు ముద్దుపెట్టుకుని, తేనెలో ముంచిన మాటలు మాట్లాడే మనిషి. ఇతణ్ణి మినా అత్తయ్యకి కట్టబెడదామని అమాయకుడు ఫ్రాన్యో ఇంటికి పిలుస్తాడు. ఫూలీరుగారి చూపు మాత్రం అత్తయ్య మీద లేదు, ఆనా మీద ఉంది. ఇక తరవాతది చెప్పను. ఎప్పుడైనా దొరికితే చూడండి.

మా అమ్మాయి మాటమాటకీ తెలుగు చేసి చెబుతోంది. సినిమాలో వాళ్ళు మాట్లాడేది పుస్తకాల భాష కాదట, జాగ్రెబ్ వాళ్ళ ఇంటి యాస. "మన ఊరి మాట తెరమీద వింటే ఎలా ఉంటుందో అలా నవ్వుతోందమ్మా ఆవిడ" అంది. నిజమే. బాకా ప్రతి హాస్యానికీ అది రాకముందే నవ్వేస్తోంది. పాట రాగానే తనూ అందుకుంటోంది. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదట.

సగంలో నేనుండబట్టలేక, "ఇదేం ఇల్లాలే! బంగారంలాంటి మొగుణ్ణి పెట్టుకుని ఆ నంగనాచివాడి వంక చూపులేమిటి?" అన్నాను. మా అమ్మాయి ఆ మాట బాకాకి చేరవేసింది. బాకా సినిమా ఆపింది. చాలాసేపు నావంకే చూసి ఏదో చెప్పింది. మా అమ్మాయి కాస్త ఆగి తెలుగు చేసింది. "ఆవిడకి ఫూలీరు అక్కర్లేదుట. వండి వార్చి, పిల్లాణ్ణి కడిగి, ఇల్లు దిద్దుకునే మనిషి వంక ఎవరో ఒకరు ఒక్కసారి తేరిపార చూశారు. అంతే అంటోంది."

నాకు ఎందుకో ఆ మాట గుచ్చుకుంది. జవాబు చెప్పలేదు. మిగతా సినిమా నోరుమూసుకుని చూశాను.

సినిమా అయ్యాక కాఫీ కలుపుతూ బాకా ఒక సంగతి చెప్పింది. తను పుట్టిందీ, పెరిగిందీ, కాపరం చేసిందీ పైఊళ్ళోనే. సినిమా తీసిన ఏడాది తనకి కొత్తగా పెళ్ళయింది. 2020 మార్చి 22, ఆదివారం, పొద్దున ఆరూ ఇరవైనాలుగుకి భూకంపం వచ్చింది. అంతకుముందే కరోనా అని అందర్నీ ఇళ్ళల్లో కూచోమన్నారు. భూకంపం వచ్చి బయటికి రమ్మంది. వచ్చినవాళ్ళని మళ్ళీ ఎడంఎడంగా నిలబడమన్నారు. పైగా మంచు. రాత్రి గౌను మీద కోటేసుకుని వీధిలో నిలబడి, యాభై ఏళ్ళ ఇరుగుపొరుగులు ఒకరినొకరు కావలించుకోడానికి కూడా లేక, దూరంనించే చేతులూపుకుని ఏడ్చారట. కాప్టొల్ కొండమీది పెద్ద చర్చికి రెండు శిఖరాలుండేవి. దక్షిణపు శిఖరం కొన ఆ పొద్దున విరిగి పడింది. ఉత్తరపు శిఖరం కొన కూడా ఎప్పుడు పడుతుందోనని ఏప్రిల్‌లో వాళ్ళే పేల్చి దించేశారు. నేను చూసినప్పుడు ఆ చర్చి చుట్టూ ఇంకా మరమ్మతు గుంజలే.

బాకా ఇంటి గోడలు నిలువునా బీటలిచ్చాయి. ఉండడానికి వీల్లేదన్నారు. కొడుకు ఈ కింది వాటా చూసి పెట్టాడు. పైఊళ్ళో ఇప్పుడు రాచకార్యాల భవనాలు, మ్యూజియాలు, బొమ్మల కొట్లు చాలా ఉన్నాయి. కాపరాలు పలచబడ్డాయి. "గోడలు మళ్ళీ కట్టేస్తారు, కప్పుమీద రంగు పెంకులు మళ్ళీ పేర్చేస్తారు. వాటి కొలతలన్నీ కాగితాలమీద ఉన్నాయి. మా ఆదివారం కొలతలు ఎవరి దగ్గరున్నాయి?" అందిట ఆవిడ. అని, టీవీ వంక చెయ్యి చూపించింది.

అప్పుడర్థమైంది నాకు, ఆవిడ ఆ సినిమా అన్నిసార్లు ఎందుకు చూస్తోందో. ఆ ద్వారమూ, ఆ బురుజూ చూడ్డానికి దేశదేశాలవాళ్ళూ వస్తారు. కాని ఆ గోడల మధ్య ఇంటావిడ గిన్నె ఎలా దించింది, పక్కింటామె కిటికీలోంచి ఎలా తొంగి చూసింది, ఆదివారం షికారుకి పిల్లాడికి ఎలా తల దువ్వారు, అవి రాతిమీద చెక్కరు. చేసినవాళ్ళతోనే పోతాయి. ఒక సినిమా ఆయన పనికట్టుకుని వాటిని పట్టి దాచాడు. అదీ ఒక హాస్యం సినిమాలో.

మర్నాడు రాత్రి మనవడు పడుకున్నాక మా అమ్మాయి తనంతట తనే, "అమ్మా, ఆయనదే ఇంకోటి ఉంది, చిన్నది, చూస్తావా?" అంది. దాని పేరు 'మూడు నించి ఇరవైరెండు'. 1966లో తీసిన డాక్యుమెంటరీ. గట్టిగా పావుగంట కూడా ఉండదు. పాటల్లేవు, నవ్వుల్లేవు, పక్కనించి ఎవరో గంభీరమైన గొంతుతో వివరం చెప్పడం లేదు. బట్టల మిల్లులో పనిచేసే ఒక పడుచు తల్లి. తెల్లవారుజామున మూడింటికి లేస్తుంది. పసిబిడ్డ పనులు చూస్తుంది. చీకట్లో పనికి వెళుతుంది. యంత్రాల మధ్య నిలబడి పనిచేస్తుంది. మళ్ళీ ఇంటికొచ్చి ఇంటిపని మొదలుపెడుతుంది. రాత్రి పదికి, వాళ్ళ లెక్కలో ఇరవైరెండు గంటలకి, నడుం వాలుస్తుంది. మళ్ళీ మూడింటికి లేవాలని మనకి తెలుస్తూనే ఉంటుంది. అంతే. అదే కథ.

అంతే కథ అన్నాను గాని, నేను కదల్లేకపోయాను. ఆ అమ్మాయి మొహంలో కష్టపడుతున్నట్టే ఉండదు. ఒక పని అవుతూండగా రెండో పనివైపు చెయ్యి వెళుతూంటుంది. ఆ చెయ్యి నాకు తెలుసు. మా అమ్మ చెయ్యి అది. మా అమ్మ కూచుని తినడం నేను చూసిన గుర్తు లేదు. పొయ్యి ముందు గొంతుకూచుని, ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో గరిటె. ఆవిడది ఒకే ఒక్క ఫోటో ఉంది మా ఇంట్లో. స్టూడియోలో తీసింది. పక్కన కాగితపు పూలకుండీ, వెనకాల గుడ్డమీద వేసిన కొలనూ, హంసలూ. చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూచుంది. జన్మలో ఆవిడ అలా కూచోలేదు. ఆ ఫోటో చూసి మా మనవడికి వాళ్ళ ముత్తవ్వ ఎవరో ఎలా తెలుస్తుంది?

పక్కకి తిరిగి చూస్తే, మా అమ్మాయి సినిమా చూస్తూ మర్నాటికి చిక్కుళ్ళు వలుస్తోంది. తల వంచుకుని ఉంది. చెవి దగ్గర తెల్లవెంట్రుకలు నాలుగు. ఎప్పుడొచ్చాయవి? నాలుగు వారాల్నించి నామొహం చూడవే అని దాన్ని సాధిస్తున్నానే, నేను దాని మొహం ఎప్పుడు చూశాను?

"పొద్దున ఎన్నింటికి లేస్తావే నువ్వు?" అని అడిగాను. "నాలుగూ ముప్పావు" అంది, చాలా మామూలుగా. నేను ఏడింటికి లేచి, తల తడిగా ఉందేమిటే జలుబు చేస్తుంది అని మందలించేదాన్ని.

చిక్కుళ్ళ పళ్ళెం నా ఒళ్ళోకి లాక్కున్నాను. "నాకొదిలెయ్, పోయి పడుకో" అన్నాను. అది నావంక అనుమానంగా చూసింది, అమ్మకి ఒంట్లో బాగుందా అన్నట్టు.

మీకు ఇది చాలా చిన్న సంగతిగా కనపడవచ్చు. నేను మాత్రం అప్పట్నించీ ఒకటే ఆలోచిస్తున్నాను. ఇంటిపనికి ఒక దురదృష్టం ఉంది. చేస్తే కనపడదు, మానేస్తేనే కనపడుతుంది. ఆ కొండమీద దీపాలతనిదీ అదే బతుకు. సాయంత్రం వెలిగించింది పొద్దునకి తనే ఆర్పేస్తాడు. రాత్రంతా వీధి వెలిగిందని చెప్పడానికి పొద్దున ఒక్క గుర్తూ మిగలదు. మళ్ళీ సాయంత్రం మొదలు. ఎనిమిదివందల ఏళ్ళ ఊరు అంటాం. ఎనిమిదివందల ఏళ్ళూ రోజూ ఎవరో ఒకరు లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు మోసి, దీపం పెట్టకపోతే అది ఊరెలా అవుతుంది? రాళ్ళగుట్ట అవుతుంది. బేలా రాజు ముద్ర వేసిన ఏడాది పుస్తకాల్లో ఉంది. ఆ గోడలు కట్టినవాళ్ళకి కూడు వండిన ఆడవాళ్ళ ఊసు నాకెవరూ చెప్పలేదు. గోలిక్‌గారు 1996లో పోయారట. ఎదురుపడితే, ఆ తెల్లవారుజాము మూడింటికి కెమెరా పట్టుకుని లేచినందుకు ఒక నమస్కారం పెట్టేదాన్ని.

బయల్దేరే ముందురోజు పొద్దున నేను నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. దాని ఫోను నా చేతికిచ్చి ఎలా తియ్యాలో ముందురోజే మనవడి దగ్గర నేర్చుకున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అది నిద్రమొహంతో వచ్చి లైటు వేసింది. పాలు పొయ్యిమీద పెట్టింది. ముడి వేసుకుంటూ మోచేత్తో అలమర తలుపు తీసింది. పిల్లాడి డబ్బాలో చపాతీ చుట్టి పెట్టి, ఒక ముక్క తుంచి తన నోట్లో వేసుకుంది. అదే దాని ఫలహారం కాబోలు. అప్పుడు చూసింది నన్ను.

"అయ్యో, ఇదేమిటమ్మా! జుట్టయినా దువ్వుకోలేదు, ఈ నైటీ ఒకటీ... మంచి చీర కట్టుకున్నప్పుడు తియ్యకూడదూ?"

"చీర కట్టుకున్న ఫోటోలు బోలెడున్నాయిలే. నువ్వు నీ పని చూసుకో" అన్నాను.

పాలు పొంగబోతున్నాయి. అది గబుక్కున అటు తిరిగింది. నేను తీస్తూనే ఉన్నాను.

ఊరికి తిరిగొచ్చాక ఎవరొచ్చినా, అక్కడి కోటలూ చర్చిలూ చూపించమంటారు. చూపిస్తాను. అందరూ వెళ్ళిపోయాక ఇది చూసుకుంటాను. పావుగంట కూడా లేదు. చిత్రం కాస్త వణికింది, ఒక మూల నా బొటనవేలు కూడా పడింది. మా అమ్మాయికి చెప్పలేదుగాని, అందులో ఒకచోట, పాలు దించి వెనక్కి తిరిగేటప్పుడు, అది అచ్చం మా అమ్మలా ఉంటుంది.